అడ్డం, నిలువు, ఐమూల: 20 ప్లేట్ల ఎంజైమ్‌తో 12,800 కాంపౌండ్లు స్క్రీన్ చేసిన కేసు

ఈ ప్రాజెక్ట్ మా దగ్గరికొచ్చేసరికి ఫ్రీజర్‌లో ఉన్న ఎంజైమ్ 20 ప్లేట్లకే సరిపోతుంది, ఇరవై ఒకటో ప్లేటు రాదు. అదొక కైనేజ్ (ప్రోటీన్లకి ఫాస్ఫేట్ తగిలించే రకం ఎంజైమ్), క్లీన్‌గా తయారు చెయ్యడం చాలా కష్టం, పంపిన ల్యాబ్ వాళ్లు మళ్లీ ఇవ్వాలంటే నెలలు పడుతుందని ముందే చెప్పేశారు. స్క్రీన్ చెయ్యాల్సిన కాంపౌండ్లేమో, అంటే దాన్ని ఏవి ఆపుతాయో చూడాల్సినవి, 12,800. 384 వెల్స్ (చిన్న గుంటలు) ఉండే ప్లేట్‌లో కంట్రోల్స్‌కి (పోల్చి చూసుకునే వెల్స్‌కి) నాలుగు కాలమ్స్ తీసేస్తే కాంపౌండ్లకి మిగిలేది 320 వెల్స్, అంటే ఒక్కో కాంపౌండ్‌ని ఒక్కసారే వేసినా, రిపీట్ అనే మాటే లేకపోయినా, 40 ప్లేట్లు కావాలి. మన దగ్గర ఉన్నది అందులో సగం. ఇంకా కన్ఫర్మేషన్‌కి కూడా అందులోంచే తియ్యాలి.

క్లయింట్ పేరు, టార్గెట్ పేరు చెప్పను, మా కౌంట్లు కొన్ని రౌండ్ చేశాను. లెక్కలు మాత్రం ఎవరికి వాళ్లు కాగితం మీద వేసుకుని చూసుకోవచ్చు, అలా చూసుకోవాలనే ఇదంతా రాస్తున్నా. ఎందుకంటే పూలింగ్ (విడివిడిగా కాకుండా కొన్ని కలిపి ఒకే టెస్ట్ చెయ్యడం) గురించి మన వాళ్లు మాట్లాడేటప్పుడు ఎన్ని ప్లేట్లు మిగిలాయి అన్నదే చెప్తారు, వచ్చిన జవాబు నిజమో కాదో ఎలా సరి చూసుకున్నారో చెప్పరు. నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైంది ఆ సరిచూసుకోవడమే.

పూలింగ్ అంటే తెలియని వాళ్లుండరు ఇప్పుడు. కరోనా టైంలో 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ వాళ్లు ఐదు శాంపిళ్లు కలిపి ఒకే టెస్ట్ చెయ్యొచ్చు, కానీ పాజిటివిటీ 2 శాతం లోపు ఉన్న చోటే అని అడ్వైజరీ ఇచ్చారు గుర్తుందా, ఆ 'కానీ' దగ్గరే మొత్తం విషయం ఉంది. ఈ ఐడియా పాతది. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అమెరికా ఆర్మీలో చేరే కుర్రాళ్లకి సిఫిలిస్ టెస్ట్ కోసం లెక్క కట్టాడు: నూటికి ఒకరికే జబ్బు ఉంటే 11 మంది రక్తం కలిపి టెస్ట్ చేసి, పాజిటివ్ వచ్చిన గ్రూపులనే విడివిడిగా చూస్తే, వంద మందికి సగటున 20 టెస్టులు చాలు. జబ్బు ఎక్కువయ్యే కొద్దీ ఆ లాభం కరిగిపోతుంది, ఒక దశ దాటాక అసలు కలపడమే దండగ.

మందుల స్క్రీనింగ్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. రక్తంలో ఒకరి పాజిటివ్ ఇంకొకరి పాజిటివ్‌తో గొడవ పడదు. కాంపౌండ్లు పడతాయి. ఒకదాని పనిని ఇంకోటి చెడగొడుతుంది, రెండు కలిసి లేని బలం చూపిస్తాయి, ఒక్కోసారి ట్యూబ్‌లో ఒకదాంతో ఒకటి రియాక్టై మూడో పదార్థం పుట్టుకొస్తుంది. అందుకే మాకు రెండు నమ్మకాలు కావాలి: హిట్లు (ఎంజైమ్‌ని నిజంగా ఆపేవి) అరుదుగా ఉంటాయి అన్నది ఒకటి, కలిపినప్పుడు ఎఫెక్టులు మామూలుగా కూడుకుంటాయి అన్నది రెండోది. ఈ రెండూ నిజమేనా అని డేటానే చెప్పేలా డిజైన్ ఉండాలి.

మొదటి డిజైన్ ఇలా వేశాం. 100 కాంపౌండ్లని 10 అడ్డం, 10 నిలువు గడిలా పేర్చుకోవాలి. ప్రతి అడ్డం వరసలో పదీ కలిపితే ఒక పూల్, ప్రతి నిలువు వరసలో పదీ కలిపితే ఇంకో పూల్. 100 కాంపౌండ్లకి 20 వెల్స్, ప్రతి కాంపౌండ్ రెండు చోట్ల ఉంటుంది. ఒక అడ్డం, ఒక నిలువు వెలిగాయంటే (అంటే ఎంజైమ్‌ని బాగా ఆపాయంటే) రెండూ కలిసే గడిలో ఉన్నదే హిట్. 12,800కి 2,560 వెల్స్, సరిగ్గా 8 ప్లేట్లు. మీటింగ్‌లో అందరికీ నచ్చేసింది.

స్టాక్ కాంపౌండ్లు 10 మిల్లీమోలార్, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో ఉన్నాయి. పది కలిపితే ఒక్కోటి 1 మిల్లీమోలార్ అవుతుంది, అలా పూల్ స్టాక్ ప్లేట్లు చేసి పెట్టుకున్నాం. 50 మైక్రోలీటర్ల వెల్‌లో 250 నానోలీటర్లు వేస్తే ఒక్కో కాంపౌండ్ 5 మైక్రోమోలార్, డీఎంఎస్ఓ అర శాతం. మామూలుగా విడిగా వేసేటప్పుడు 10 మైక్రోమోలార్ పెడతాం, కానీ పదీ 10 చొప్పున పెడితే డీఎంఎస్ఓ 1 శాతానికి పోతుంది, ఆ ఎంజైమ్ దానికి తట్టుకోదు.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చెప్తా, అది నాదే. హిట్ రేట్ అర శాతం ఉంటుందని మీటింగ్‌లో అనుకున్నాం, నేను దాన్ని డేటాతో చూసుకోకుండా అలాగే లెక్కలోకి తీసేసుకున్నా. అర శాతమైతే వంద కాంపౌండ్ల బ్లాకులో రెండు లేదా అంతకంటే ఎక్కువ హిట్లు పడే ఛాన్స్ 9 శాతం, బాగానే ఉంది. అదే హిట్ రేట్ 2 శాతమైతే ఆ ఛాన్స్ 60 శాతానికి వెళ్లిపోతుంది. పైగా లైబ్రరీలో మొదటి 1,600 కాంపౌండ్లు కైనేజ్‌ల కోసమే ఏరి పెట్టిన సెట్ అని నాకు తెలుసు, తెలిసి కూడా అందరిలాగే వాటినీ పూల్ చేసేశా.

1,600 కాంపౌండ్లు, 16 బ్లాకులు, 320 వెల్స్, సరిగ్గా ఒక ప్లేటు. రీడర్ నుంచి ఆ హీట్‌మ్యాప్ రాగానే అస్సే, అంటే ఎంజైమ్ ఎంత ఆగిందో కొలిచే టెస్ట్, చూసే మా తమ్ముడు (వయసులో చిన్నవాడు, నేనలాగే పిలుస్తా) 'అన్నా, దీపావళి ప్లేటు ఇది' అన్నాడు. బ్లాకు తర్వాత బ్లాకులో ఐదారు అడ్డాలు, ఐదారు నిలువులు వెలిగి ఉన్నాయి. ఒక బ్లాకులో 6 అడ్డాలు, 6 నిలువులు వెలిగితే అనుమానించాల్సిన గడులు 36. అందులో అసలు హిట్లు 6 అయినా అవ్వొచ్చు, 36 అయినా అవ్వొచ్చు, వెలిగిందా లేదా అన్న లెక్కతో తేల్చే దారి లేదు. 20లో ఒక ప్లేటు అలా పోయింది.

ఆ రోజు సాయంత్రం కూర్చుని పని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాం. ఆ 1,600నీ పూలింగ్‌లోంచి తీసేశాం, వాటికి విడివిడిగా 5 ప్లేట్లు ఇచ్చేశాం. మిగిలిన 11,200 అన్ని రకాలూ కలిసిన డైవర్స్ సెట్. దాంట్లోంచి లాటరీ తీసినట్టు 320 తీసి ఒక ప్లేటు విడిగా వేశాం, పూల్‌లో పెట్టే అదే 5 మైక్రోమోలార్ దగ్గర. పైలట్ ఒక కాన్సంట్రేషన్, పూల్ ఇంకో కాన్సంట్రేషన్ అయితే పైలట్ చెప్పే హిట్ రేట్ మనకి పనికిరాదు, ఇది చాలా మంది మర్చిపోతారు.

320లో 2 హిట్లు వచ్చాయి, అంటే 0.6 శాతం. ఇక్కడ ఆగి సంతోషపడకూడదు, 320లో 2 అంటే 95 శాతం ఇంటర్వల్ (అసలు రేటు ఉండగల పరిధి) సుమారు 0.1 నుంచి 2.2 శాతం దాకా ఉంటుంది. (సున్నా వచ్చినా కూడా పై హద్దు 3 ని 320తో భాగిస్తే వచ్చేంత, దాదాపు 0.9 శాతం.) కాబట్టి డిజైన్ 0.6 కోసం కాదు, 2.2 వచ్చినా కూలిపోకుండా ఉండాలి. అడ్డం నిలువు మాత్రమే పెడితే దొంగ హిట్లు, అంటే తను హిట్ కాకపోయినా తన అడ్డంలో ఒకటి, తన నిలువులో ఒకటి అసలు హిట్ ఉండటం వల్ల వెలిగినట్టు కనిపించేవి, 0.6 దగ్గర 30 చిల్లర వస్తాయి, అసలు హిట్లు 67 దాకా ఉంటాయి కాబట్టి పర్లేదు. 2.2 దగ్గర అసలువి 246 అయితే దొంగవి 360. అసలు కంటే దొంగలే ఎక్కువ.

అందుకే మూడో దారి కలిపాం, ఐమూల. గడిలో అడ్డం నంబర్, నిలువు నంబర్ కూడి 10తో భాగిస్తే వచ్చే శేషం ఏదైతే అదే ఐమూల పూల్ నంబర్. అంటే గడి మీద ఐమూలగా గీతలు గీసి, అంచు దాటిన గీతని అవతలి వైపు నుంచి మళ్లీ అందుకున్నట్టు. ఏ అడ్డంలో చూసినా, ఏ నిలువులో చూసినా ఒక్కో ఐమూలకి ఒక్క కాంపౌండే ఉంటుంది. ఏ రెండు కాంపౌండ్లూ ఒకసారి కంటే ఎక్కువ ఒకే పూల్‌లో పడవు, గొప్ప సుగుణం అది, ఎందుకో ఆ తర్వాత బోధపడింది మాకు. ఇప్పుడు 100 కాంపౌండ్లకి 30 వెల్స్, మొత్తం 112 బ్లాకులు, 3,360 వెల్స్, పదిన్నర ప్లేట్లు, 11 అనుకుందాం. దొంగ హిట్లు 0.6 దగ్గర ఒకటో రెండో, 2.2 దగ్గర 65. మూడున్నర ప్లేట్లు అదనంగా పెట్టినందుకు 360 కాస్తా 65 అయ్యింది, నా లెక్కలో ఇంతకంటే మంచి బేరం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇలాంటి పేర్పులన్నిటి వెనకా ఉన్న ఆర్తోగొనల్ అర్రేలు అనే గణితాన్ని 1940ల్లో కలకత్తాలో కూర్చుని కట్టింది మన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసిన మనిషి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరు మీద ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది, ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లే వాళ్లలో ఎంత మందికి తెలుసో. మాకు నాలుగో దారి కావాలంటే 10 సైజులో ఒకదానికొకటి ఆర్తోగొనల్ అయ్యే లాటిన్ స్క్వేర్ల (ప్రతి అడ్డంలో, ప్రతి నిలువులో ఒక్కో నంబర్ ఒక్కసారే వచ్చే గడుల) జత కావాలి, అలాంటిది అసలు ఉండదని 1782లో ఆయిలర్ అనుకున్నాడు, ఉంటుందని 1959లో బోస్, శ్రీఖండే, పార్కర్ కలిసి చూపించారు. బోస్, శ్రీఖండే ఇద్దరూ మన దేశం వాళ్లే. మాకు నాలుగోది అవసరం పడలేదు, ప్లేట్లు కూడా లేవు.

రన్ చేసే ముందు మూడు జాగ్రత్తలు తీసుకున్నాం. పూల్స్‌ని ప్లేట్లలో వరసగా కాకుండా కలగలిపి పెట్టాం, ఒక కాంపౌండ్ ఉన్న మూడు పూల్స్ మూడు వేరే ప్లేట్లలో పడేలా చూశాం. పాడైన మొదటి ప్లేట్‌లో మొదటి రో (A), చివరి రో (P) అంచుల్లో ఆవిరి వల్ల రీడింగ్ పైకి పోవడం కనిపించింది, ఒక కాంపౌండ్ తాలూకు అడ్డం, నిలువు రెండూ అంచులోనే పడితే అది అబద్ధంగా హిట్ అయిపోతుంది మరి. రెండోది, వెండర్ లైబ్రరీలో పక్క పక్క వెల్స్‌లో ఒకే ఫ్యామిలీ కాంపౌండ్లు ఉంటాయి, వాటిని చెదరగొట్టి వేర్వేరు బ్లాకుల్లోకి పంపాం. దీనికి కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే కాన్సంట్రేషన్) 10 మైక్రోమోలార్ ఉన్న మంచి హిట్ 5 మైక్రోమోలార్ దగ్గర 33 శాతం ఆపుతుంది. ఐసీ50 100 ఉన్న పనికిమాలిన కాంపౌండ్ ఒక్కటీ 5 శాతం కూడా ఆపదు, కానీ అలాంటివి పది, ఎంజైమ్ మీద ఒకే సైట్‌లో కూర్చునేవి, ఒకే పూల్‌లో పడితే అవీ కలిపి సరిగ్గా 33 శాతమే ఆపుతాయి. బయట నుంచి చూస్తే రెండు వెల్స్‌కీ తేడా ఉండదు.

మూడో జాగ్రత్త స్పైక్‌లు. ఐసీ50 15 మైక్రోమోలార్ దగ్గర ఉన్న ఒక తెలిసిన కాంపౌండ్‌ని పది చోట్ల గడిలోకి పదకొండోదానిలా దూర్చాం, అంటే 30 పూల్స్‌లో. ఎక్కడెక్కడో మా మేడం ఒక్కరికే తెలుసు (ఆవిడ మా కెమిస్ట్రీ సీనియర్), ఎనాలిసిస్ చేసే నాకు తెలియదు.

డేటా వచ్చాక మొదటి ప్రశ్న కట్, అంటే ఎంత ఆపితే వెలిగినట్టు అనే హద్దు, ఎక్కడ పెట్టాలి అని. అలవాటుగా అందరూ డీఎంఎస్ఓ కంట్రోల్ వెల్స్ (కాంపౌండ్ లేనివి) తీసుకుని సగటు మీద మూడు ఎస్‌డీలు (స్టాండర్డ్ డీవియేషన్లు, రీడింగులు ఎంత చెదురుతాయో చెప్పే కొలత) అంటారు. పూల్స్‌కి అది నప్పదు. మా జీ ప్రైమ్ (రెండు వైపుల కంట్రోల్స్ ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పే సంఖ్య) అన్ని ప్లేట్లలో బాగానే ఉంది, కంట్రోల్స్ ఎస్‌డీ రెండు వైపులా 5 శాతం ఉంటే ఆ లెక్క 0.7 వస్తుంది, 0.5 దాటితే మంచి అస్సే అంటాం. కానీ జీ ప్రైమ్ కంట్రోల్స్ గురించే చెప్తుంది, పూల్ వెల్స్ గురించి ఏమీ చెప్పదు. మా పూల్ వెల్స్ మీడియన్ డీఎంఎస్ఓ కంటే 6 శాతం పైన కూర్చుంది. పది కాంపౌండ్లు తలా అర శాతం పై చిల్లర ఆపితే అంతే అవుతుంది మరి, అందులో వింతేమీ లేదు. డీఎంఎస్ఓ నుంచి 15 శాతం అని కట్ పెట్టి ఉంటే ఏమీ లేని పూల్స్ కూడా బోలెడు వెలిగేవి. కాబట్టి ప్లేట్ వారీగా రో, కాలమ్ ఎఫెక్టులు మీడియన్ పాలిష్‌తో (రోల, కాలమ్‌ల మీడియన్లు మళ్లీ మళ్లీ తీసేసే పద్ధతి) తీసేసి, పూల్ వెల్స్ సొంత మీడియన్, దాని మీద ఎంఏడీని (మీడియన్ నుంచి దూరాల మీడియన్) 1.4826తో గుణించి మూడింతలు, అది కట్ చేశాం. మీడియన్ పాలిష్ వాడేటప్పుడు పూల్స్ కలగలిపి పెట్టి ఉండటం తప్పనిసరి, లేకపోతే అసలు సిగ్నల్‌నే ప్లేట్ ఎఫెక్ట్ అనుకుని తుడిచేస్తుంది.

మేడం కవర్ విప్పి చూస్తే స్పైక్ పడ్డ 30 వెల్స్‌లో 27 కట్ దాటాయి. వెల్‌కి 90 శాతం. ఇప్పుడు రూల్ ఏంటన్నది ఎంత మార్పు తెస్తుందో చూడండి. మూడుకి మూడూ వెలగాలంటే హిట్ దొరికే ఛాన్స్ 73 శాతం. మూడింట రెండు చాలు అంటే 97 శాతం. కానీ రెండు చాలు అనగానే దొంగ హిట్లు మళ్లీ వెనక్కొచ్చేస్తాయి. వెలిగిందా లేదా అని అవును కాదు లెక్క వేసినంత సేపూ ఈ రెండింటి మధ్య నలగాల్సిందే, ఎంత వెలిగింది అన్నది వాడుకుంటే బయటపడొచ్చు.

ఇక్కడికి వచ్చాం అసలు దగ్గరికి. ఒకే సైట్‌లో పోటీ పడే ఇన్హిబిటర్లు కలిసినప్పుడు ఎంజైమ్‌లో మిగిలిన యాక్టివిటీ, ఒకటిని ఒకటి ప్లస్ ప్రతి కాంపౌండ్ కాన్సంట్రేషన్ బై ఐసీ50 ల మొత్తంతో భాగిస్తే వచ్చేది. దాన్ని తిరగేయండి: ఒకటి బై మిగిలిన యాక్టివిటీ, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఆ పూల్‌లో ఉన్న పది కాంపౌండ్ల బలాల కూడిక. మామూలు కూడిక! శాతాలు కూడవు, ఈ తిరగేసిన సంఖ్య కూడుతుంది. దాన్ని మేం 'బలం' అనే పిలుచుకున్నాం.

అది కూడిక అయినప్పుడు ఒక బ్లాకులో పది అడ్డం పూల్స్ బలాలు మొత్తం కూడితే వచ్చేది వంద కాంపౌండ్ల మొత్తం బలం. పది నిలువు పూల్స్ కూడినా అదే వంద కాంపౌండ్లు, అదే మొత్తం రావాలి. ఐమూల కూడినా అంతే. షాపులో సాయంత్రం డబ్బా లెక్క, బిల్లుల లెక్క, స్టాక్ లెక్క మూడూ టాలీ అవ్వాల్సినట్టు. టాలీ అయితే కూడిక మీద మా నమ్మకం ఆ బ్లాకులో నిలబడింది, కాకపోతే ఏదో ఒక పూల్‌లో కూడిక కానిదేదో జరిగింది. దీనికి అదనంగా ఒక్క వెల్ కూడా ఖర్చు లేదు, డిజైన్‌లోనే ఉచితంగా వస్తుంది. నేను చూసిన పూలింగ్ రిపోర్టుల్లో ఈ చెక్ చేసినవి బహు తక్కువ, నాకు అది బాధగా ఉంటుంది.

టాలీ చేసేటప్పుడు వెయిట్లు మాత్రం మర్చిపోకూడదు. యాక్టివిటీ 67 శాతం మిగిలిన వెల్‌లో రీడింగ్ ఎస్‌డీ 5 శాతమైతే బలం 0.5, దాని ఎర్రర్ 0.11. అదే 10 శాతమే మిగిలిన వెల్‌లో బలం 9, దాని ఎర్రర్ ఏకంగా 5. బాగా వెలిగిన వెల్ బలం ఎంతో మనకి నిజానికి సరిగ్గా తెలియదు, చాలా ఎక్కువ అని మాత్రం తెలుసు. వెయిట్ లేకుండా కూడితే ఒక్క గట్టి హిట్ ఉన్న ప్రతి బ్లాకూ టాలీ కానట్టే కనిపిస్తుంది.

112 బ్లాకుల్లో 9 టాలీ కాలేదు. అందులో ఒకటి మాత్రం విడమర్చి చెప్తా. ఆ బ్లాకులో ఒక అడ్డం పూల్ బాగా వెలిగింది, 60 శాతం పైన ఆపింది. ఆ అడ్డంలో ఉన్న పది కాంపౌండ్లూ పది వేర్వేరు నిలువుల్లో, పది వేర్వేరు ఐమూలల్లో ఉన్నాయి కదా, ఆ ఇరవైలో ఒక్కటీ వెలగలేదు. పూల్ మళ్లీ వేస్తే మళ్లీ వెలిగింది, కాబట్టి డిస్పెన్సింగ్ తప్పు కాదు. మేడం ఆ పది స్ట్రక్చర్లూ ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచారు, రెండు నిమిషాలు చూసి రెండు కాగితాలు పక్కకి లాగి 'ఇదిగో ఆల్డిహైడ్, ఇదిగో ప్రైమరీ అమీన్, ఈ రెండూ ఒకే ట్యూబ్‌లో మూడు వారాలు కూర్చున్నాయి' అన్నారు. పదీ ఫ్రెష్‌గా కలిపి వెంటనే వేశాం, వెలగలేదు. పాత పూల్ స్టాక్‌ని ఎల్‌సీఎంఎస్‌లో (పదార్థాలని విడదీసి వాటి మాస్ కొలిచే మెషీన్) పెడితే రెండింటి మాస్ కూడి 18 తీసేస్తే ఎంతో అక్కడ పీక్ ఉంది, నీళ్లు పోయి ఇమీన్ అనే మూడో పదార్థం తయారైంది. ఆ రెండూ వేరే ఏ పూల్‌లోనూ కలవవు, ఏ జతా రెండోసారి కలవని డిజైన్ కాబట్టే ఇది ఒక్క అడ్డంలోనే ఉండిపోయి దొరికిపోయింది. రియాక్టివ్ గ్రూపులు ఉన్నవి ఒకే పూల్‌లో పెట్టకూడదని మందుల కంపెనీ గ్లాక్సో వాళ్లు 1999లోనే రాశారు, మేం చెదరగొట్టేటప్పుడు ఫ్యామిలీలు చూశాం గానీ ఈ జతల్ని చూడలేదు. ఇప్పుడు మా స్క్రిప్ట్‌లో ఆ ఫిల్టర్ ముందే నడుస్తుంది.

మిగతా ఎనిమిదిలో చాలా వరకు గుంపు కట్టే కాంపౌండ్లు, అంటే నీళ్లలో కరగక చిన్న చిన్న ఉండలుగా మారి ఎంజైమ్‌ని తమ మీదకి లాగేసుకునేవి. బ్రయాన్ షాయిచెట్ ల్యాబ్ వాళ్లు ఈ సంగతి గట్టిగా బయటపెట్టారు, పూల్స్‌లో ఇవి ఒకదానికొకటి సాయం పడటం, అడ్డు పడటం రెండూ ఉంటాయని కూడా చూపించారు. మొత్తం 50 మైక్రోమోలార్ కాంపౌండ్లు ఒకే వెల్‌లో ఉంటే ఇది సహజం. 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 వేసి మళ్లీ చూస్తే దాదాపు అన్నీ చల్లారిపోయాయి. అసలు బఫర్‌లోనే మొదట్నుంచి ఆ డిటర్జెంట్ ఉండాల్సింది, మాకు వచ్చిన ప్రోటోకాల్‌లో లేదు, మేం అడగలేదు.

టాలీ అయిన బ్లాకులకి డీకోడింగ్ చేశాం. ఒక్కో బ్లాకులో 30 కొలతలు, 100 తెలియని బలాలు. ఆ 30లో కూడా నిజంగా విడిగా ఉన్నవి 28, టాలీలు రెండు పోతాయి కాబట్టి. మామూలు రిగ్రెషన్ ఇక్కడ నడవదు. బలం సున్నా కంటే తక్కువ ఉండదు, చాలా వాటికి సున్నానే, ఈ రెండూ పెట్టి లాసో (చిన్న చిన్న బలాలకి పెనాల్టీ వేసి సున్నా చేసేసే రిగ్రెషన్) వేశాం, వెయిట్లతో. పెనాల్టీ ఎంత పెట్టాలి అన్నదానికి క్రాస్ వ్యాలిడేషన్ (కొంత డేటా దాచి దాని మీద సరి చూసుకోవడం) 30 పాయింట్లతో నమ్మదగ్గట్టు రాదు, అందుకని ఐమూల పూల్స్ రీడింగులని బ్లాకుల మధ్య తారుమారు చేసి, నిలువువి కూడా తారుమారు చేసి, అసలు సంబంధమే లేని డేటాలో స్కోర్లు ఎంత దాకా లేస్తాయో వందల సార్లు చూసుకుని ఆ ఎత్తు దాటినవే తీసుకున్నాం. కూడిక కాకుండా లాగ్ స్కేల్ మీద, అంటే కాంపౌండ్లు వేర్వేరు సైట్లలో పని చేస్తాయనుకుని కూడా ఒకసారి నడిపాం. లిస్టులో పైన ఉన్నవి రెండింట్లోనూ అవే వచ్చాయి, కింద కొన్ని అటూ ఇటూ మారాయి.

చివరికి ర్యాంక్ చేసిన 140 కాంపౌండ్లు, టాలీ కాని 9 బ్లాకుల్లో తేడా తెచ్చిన 9 పూల్స్‌లో ఉన్న 90 కాంపౌండ్లు, మొత్తం 230 విడిగా, డిటర్జెంట్‌తో, రెండేసి సార్లు. రెండు ప్లేట్లు. పాడైంది 1, పైలట్ 1, కైనేజ్ సెట్ 5, పూల్స్ 11, ఇవి 2. ఇరవయ్యో ప్లేట్‌తో ఎంజైమ్ అయిపోయింది.

140లో 58 నిలబడ్డాయి. పై 40లో దాదాపు అన్నీ నిలబడ్డాయి, కిందకి పోయే కొద్దీ పలచబడ్డాయి, స్కోర్ సరిగ్గా పని చేస్తే అలాగే ఉండాలి. 90లోంచి 3 వచ్చాయి, టాలీ చెక్ లేకపోతే ఆ మూడూ ఎప్పటికీ దొరికేవి కావు. పైలట్‌లో విడిగా దొరికిన 2 హిట్లు పూల్స్‌లో కూడా ఉన్నాయి కదా, అవి ఎక్కడున్నాయా అని ముందు వాటినే వెతికా. ఒకటి ఏడో ర్యాంక్‌లో ఉంది. రెండోది 118లో. దాని అడ్డం పూల్‌లోనే ఒక గట్టి హిట్ ఉంది, ఆ వెల్‌లో యాక్టివిటీ 10 శాతం కూడా మిగల్లేదు, కాబట్టి ఆ కొలత నుంచి దీనికి ఏ సమాచారమూ రాలేదు, మిగిలిన రెండు కొలతల మీదే నిలబడింది. లిస్ట్ 100 దగ్గర కోసి ఉంటే పోయేది. గట్టి హిట్ పక్కన పడ్డ మామూలు హిట్లు మసకబారడం పూలింగ్‌లో ఉండే ఖర్చు, క్లయింట్‌కి రిపోర్ట్‌లో ఆ మాట అలాగే రాశాం, ఏ ఏ కాంపౌండ్లు అలా నీడలో ఉన్నాయో లిస్ట్ కూడా ఇచ్చాం. కొత్త బ్యాచ్ ఎంజైమ్ వచ్చాక ముందు వాటినే విడిగా వెయ్యమని చెప్పాం, ఐసీ50 కర్వులు ఆ తర్వాత.

ఇప్పుడు అదే క్లయింట్ ఇంకో లైబ్రరీని కణాల మీద పూల్ చేద్దామా అని అడుగుతున్నారు. అమెరికాలో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్, ఎంఐటీ వాళ్లు కణాల ఇమేజింగ్‌లో మందుల్ని కలిపి వేసి రిగ్రెషన్‌తో విడదీసి చూపించారు, కాబట్టి చెయ్యలేనిది కాదు. కానీ కణంలో పది కాంపౌండ్లు పది దారుల్లో చంపుతాయి, తిరగేస్తే కూడిక అవుతుంది అన్న మా లెక్క అక్కడ నిలుస్తుందో లేదో ముందు చూడాలి. అందుకని పూల్‌కి పది కాదు, మూడే పెట్టి, అవే కాంపౌండ్లు విడిగా కూడా పెట్టి, ఒక ప్లేటు పైలట్ రాశా. వచ్చే వారం వేస్తున్నాం.